నమ్మడం చాలదా, మాట కూడా వినాలా?

ప్రశ్న: నేను చిన్ననాటి నుండి సంఘంలో పెరిగాను. యేసుక్రీస్తు దేవుని కుమారుడనీ, నా పాపాల కోసం మరణించి తిరిగి లేచాడనీ మనసారా నమ్ముతున్నాను. నాలుగేళ్ల క్రితం మా నాన్నగారు చనిపోయారు. చివరి రెండేళ్లు ఆయనను చూసుకున్నది నేనే. నా పేరున బ్యాంకులో వేసిన డబ్బులో సగం తమ్ముడికి ఇవ్వమని ఆయన తన నోటు పుస్తకంలో రాసి ఉంచారు. ఆ సంగతి తమ్ముడికి తెలియదు, నేను చెప్పలేదు. పుస్తకం బీరువా అడుగున ఉంది. విశ్వసిస్తే చాలు, క్రియలతో పని లేదని ఒక బోధకుడు అంటారు. క్రియలు లేనివారిది విశ్వాసమే కాదని మరొకరు అంటారు. ఇప్పుడు నేను తమ్ముడికి చెబితే క్రియలతో రక్షణ కొనుక్కోవాలని చూసినట్టు అవుతుందా? చెప్పకపోతే ఇన్నేళ్ల నా విశ్వాసం అబద్ధమైపోతుందా? విశ్వాసం బలపడ్డాక చెబుదామని రోజూ ప్రార్థన చేస్తున్నాను.
— ఒక సోదరి

జవాబు:

సోదరీ,

మీ ఉత్తరంలో రెండు ప్రశ్నలున్నాయి. ఒకటి విశ్వాసానికీ క్రియలకూ ఉన్న సంబంధం గురించి, రెండోది బీరువా అడుగున ఉన్న పుస్తకం గురించి. మొదటిదానికి జవాబు దొరికితే రెండోదాని సంగతి చూడవచ్చని మీరు అనుకుంటున్నట్టు తోస్తోంది. నాకు మాత్రం ఆ రెండూ ఒకే ప్రశ్నగా కనిపిస్తున్నాయి. మీ విశ్వాసం నిజమో కాదో ఒక ఉత్తరం చదివి తేల్చే అధికారం నాకు లేదు, ఆ పని చేయను. అయితే "విశ్వాసం బలపడ్డాక చెబుదామని" అన్న మాట దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను. మీ ఇబ్బందికి మూలం బోధకుల మధ్య ఉన్న భేదం కాదు, ఆ మాటే అని నా అభిప్రాయం.

ముందు మన భాషనే ఒకసారి గమనించండి. "పిల్లవాడు మాట వినడం లేదు" అంటే వాడికి చెవులు పనిచేయడం లేదని ఎవరూ అనుకోరు. చెప్పింది చేయడం లేదనే అర్థం చేసుకుంటారు. వినడానికీ లోబడడానికీ మనం ఒకే క్రియ వాడుకుంటాం. పాత నిబంధన రాసిన హెబ్రీ భాషలోనూ ఇంతే. "ఓ ఇశ్రాయేలూ, వినుము" అనే ఆజ్ఞలోని "షెమా" అన్న మాటకు వినడమనీ లోబడడమనీ రెండర్థాలూ ఉన్నాయి. కొత్త నిబంధనలోని గ్రీకులో విధేయతకు వాడే "హుపకొయే" అన్న మాట కూడా వినికిడి అనే మాట మీద కట్టినదే. అందుకే రోమా పత్రిక పదో అధ్యాయంలో, వినడం వలన విశ్వాసం కలుగుతుందని చెప్పడానికి సరిగ్గా ఒక వచనం ముందు, అందరూ సువార్తకు లోబడలేదని పౌలు రాసి, దానికి రుజువుగా "మేము తెలియజేసిన సమాచారము ఎవడు నమ్మెను" అన్న యెషయా మాటను చూపించాడు. లోబడలేదు అన్నదానికి ఆయన దృష్టిలో ఇంకో పేరు నమ్మలేదు అన్నదే. యోహాను సువార్త మూడో అధ్యాయం చివరి వచనం కూడా ఇలాగే సాగుతుంది. కుమారునియందు విశ్వాసముంచువాడు ఒకవైపున ఉంటే, రెండోవైపున విశ్వాసముంచనివాడు ఉండాలని మనం అనుకుంటాం. అక్కడ ఉన్నది "కుమారునికి విధేయుడు కానివాడు".

విశ్వాసం అనే మాట సంగతీ అంతే. మనం "నమ్మిన బంటు" అంటాం. యజమాని ఉన్నాడని నమ్మినవాడిని ఆ పేరుతో పిలవం, యజమానిని విడిచిపోనివాడినే పిలుస్తాం. విశ్వాసఘాతకం అన్నప్పుడు కూడా మన మనసులో ఉండేది అభిప్రాయభేదం కాదు, ద్రోహం. నీతిమంతుడు విశ్వాసమూలముగా బ్రదుకునని హబక్కూకు చెప్పిన చోట హెబ్రీలో ఉన్న "ఎమూనా" అనే మాట నిర్గమకాండం పదిహేడో అధ్యాయంలో మోషే చేతుల గురించి వస్తుంది. అమాలేకీయులతో యుద్ధం జరుగుతుండగా ఆయన చేతులు బరువెక్కిపోయాయి. ఆయనను ఒక రాతి మీద కూర్చోబెట్టి, అహరోను ఒక వైపున, హూరు మరొక వైపున ఆ చేతులను పట్టుకుంటే, అవి సూర్యుడు అస్తమించేదాకా నిలకడగా ఉన్నాయి. ఆ నిలకడకే అక్కడ "ఎమూనా" అని పేరు. విశ్వాసం అన్నప్పుడు తలలోని ఆలోచన కన్నా ముందు ఈ చేతులు గుర్తుకు రావాలని నాకు అనిపిస్తుంది. అవి పక్కవారి ఆసరాతో నిలిచిన చేతులన్న సంగతి మీరు మరచిపోవద్దు, చివరలో మళ్లీ ఆ విషయానికి వస్తాను.

క్రీస్తు ఎవరో, ఏమి చేశాడో మనసారా నమ్ముతున్నానని మీరు రాశారు. అది చిన్న విషయం కాదు. అయితే పూర్వపు ప్రొటెస్టెంటు సంస్కర్తలు విశ్వాసంలో మూడు అంశాలు చూశారు. విషయం తెలియడం మొదటిది, అది నిజమని ఒప్పుకోవడం రెండోది, చెప్పినవాని మీద పూర్తిగా ఆనుకోవడం మూడోది. మొదటి రెండూ దయ్యాలకు కూడా ఉన్నాయి. కపెర్నహూము సమాజమందిరంలో "నీవు దేవుని పరిశుద్ధుడవు" అని యేసును గుర్తుపట్టి కేక వేసింది శిష్యులు కాదు, అపవిత్రాత్మ. సిద్ధాంతం ప్రకారం ఆ కేకలో తప్పేమీ లేదు. యాకోబు తన పత్రికలో "దయ్యములును నమ్మి వణకుచున్నవి" అన్నది అటువంటి నమ్మకాన్ని గురించే. వాటికి లేనిది మూడోది, అంటే తన బరువంతా ఆయన మీద వేయడం. బరువు వేయడమన్నది మనసులో మాత్రమే జరిగే పని కాదు. కుర్చీ విరగదని ఎంతసేపు ఒప్పుకుంటూ నిలబడి ఉన్నా కూర్చున్నట్టు కాదు.

ఇక మీరు విన్న ఇద్దరు బోధకుల సంగతి. వారిలో ఒకరు పౌలునూ, మరొకరు యాకోబునూ పట్టుకున్నారు. ధర్మశాస్త్ర క్రియలు లేకుండా విశ్వాసం వలననే మనుష్యులు నీతిమంతులుగా తీర్చబడతారని పౌలు రోమా మూడో అధ్యాయంలో అంటాడు, విశ్వాసం వలన మాత్రమే కాదు, క్రియల వలన కూడా అని యాకోబు రెండో అధ్యాయంలో అంటాడు. విశేషమేమిటంటే ఇద్దరూ పిలిచిన సాక్షి ఒక్కడే, అబ్రాహాము. ఇద్దరూ ఎత్తిచూపిన వాక్యం కూడా ఒక్కటే, అతడు యెహోవాను నమ్మగా అది అతనికి నీతిగా ఎంచబడిందన్న ఆదికాండం పదిహేనో అధ్యాయంలోని మాట. కానీ పౌలు వెనక్కి లెక్క చూస్తున్నాడు. అబ్రాహాము హారాను విడిచింది డెబ్బై అయిదో ఏట, సున్నతి పొందింది తొంభై తొమ్మిదో ఏట, నీతిమంతుడుగా ఎంచబడింది ఆ సున్నతికి చాలా ముందు. కాబట్టి ఏ ఆచారమూ, ఏ జాతి గుర్తూ దేవుని అంగీకారానికి వెల కాదని ఆయన వాదన. యాకోబు ముందుకు చూస్తున్నాడు. నూరో ఏట పుట్టిన ఇస్సాకు కట్టెలు మోయగల వయసుకు వచ్చాక, మోరీయా కొండ మీద అతణ్ణి బలి ఇవ్వడానికి తండ్రి చేయి ఎత్తిన నాడు, ఎన్నో ఏళ్ల కిందటి ఆ నమ్మకం ఎటువంటిదో బయటపడిందని ఆయన వాదన. చెట్టు ఎలా నాటబడిందని ఒకరు మాట్లాడుతుంటే, అది బ్రతికి ఉన్నదని ఎలా తెలుస్తుందని మరొకరు మాట్లాడుతున్నారు. ఎదురుగా ఉన్నవారు కూడా వేరు. సున్నతి లేకుంటే సంఘంలోకి రానివ్వం అనేవారితో పౌలు పోరాడుతున్నాడు. బట్టలూ తిండీ లేని సహోదరుడితో "సమాధానముగా వెళ్లుడి" అని చెప్పి తలుపు వేసుకునేవారిని యాకోబు నిలదీస్తున్నాడు. పౌలు కూడా గలతీయులకు రాసిన పత్రికలో ప్రయోజనకరమైనది ప్రేమవలన కార్యసాధకమగు విశ్వాసమేనని చెప్పాడు. రోమా పత్రిక మొదట్లోనూ చివర్లోనూ తన అపొస్తలత్వం అన్యజనులను విశ్వాసానికి విధేయులను చేయడానికేనని రాశాడు.

ఈ విషయంలో సంఘం చాలా రక్తం చిందించుకుంది. జర్మనీ సంస్కర్త మార్టిన్ లూథర్ 1522లో కొత్త నిబంధనను జర్మన్ భాషలోకి తెచ్చినప్పుడు రోమా 3:28లో మూలంలో లేని "మాత్రమే" అన్న మాట చేర్చాడు, యాకోబు పత్రికను గడ్డితో పోల్చాడు. అయినా అదే సంవత్సరం రోమా పత్రికకు రాసిన ముందుమాటలో విశ్వాసం సజీవమైనది, మేలు చేయకుండా ఉండలేనిది అని చెప్పింది కూడా ఆయనే. కతోలిక సంఘపు ట్రెంట్ మహాసభ 1547లో తన తీర్మానాలతో జవాబిచ్చింది. 1999 అక్టోబరు 31న జర్మనీలోని ఆగ్స్‌బర్గ్ నగరంలో లూథరన్ సంఘాల సమాఖ్యా కతోలిక సంఘమూ కలిసి ఒక ప్రకటన మీద సంతకాలు చేశాయి. మన యోగ్యతను బట్టి కాక కృప వలననే, క్రీస్తునందలి విశ్వాసంతో దేవుడు మనలను అంగీకరిస్తాడనీ, ఆ అంగీకారంతో వచ్చే పరిశుద్ధాత్మే మనలను సత్క్రియలకు సిద్ధపరుస్తాడనీ అందులో ఒప్పుకున్నాయి. భేదాలన్నీ పోలేదు. కానీ మీ ఊహలో ఎదురెదురుగా నిలబడి ఉన్న ఆ ఇద్దరు బోధకులు, ఇద్దరూ జాగ్రత్తగా మాట్లాడితే, మీరు భయపడుతున్నంత దూరంలో లేరు.

ఇప్పుడు మీ మొదటి భయం, తమ్ముడికి చెబితే రక్షణను కొనుక్కున్నట్టు అవుతుందా అన్నది. సోదరీ, ఇందులో మీరు కొనడానికి చెల్లించగలిగినదేదీ లేదు. ఆ సగం మీది కాదు. పరుల సొమ్ము పరులకు ఇచ్చేస్తే అది పుణ్యకార్యం ఎలా అవుతుంది? అప్పు తీర్చినవాడు దానం చేశానని చెప్పుకోడు. జక్కయ్య కథ వరుసను చూడండి. యేసు ముందు అతని పేరు పెట్టి పిలిచాడు, అతని ఇంటికి వెళ్లాడు, ఆ మాట మీద జనం సణుగుకున్నారు. ఆ తరువాతే జక్కయ్య నిలబడి, అన్యాయంగా తీసుకున్నదానికి నాలుగంతలు తిరిగి ఇస్తానన్నాడు. ఇచ్చినందుకు యేసు వచ్చాడని కాదు, వచ్చినందుకు ఇవ్వగలిగాడు. యేసు పక్కన సిలువ వేయబడిన నేరస్థునికి తిరిగి ఇచ్చే వ్యవధి లేదు, దిగి వచ్చే వీలు లేదు, అయినా పరదైసు వాగ్దానం దొరికింది. రక్షణ క్రియల వెల కాదనడానికి అంతకన్నా రుజువు నాకు తెలియదు. అయితే ఆ కొద్ది గంటల్లో అతని దగ్గర మిగిలినది నోరు ఒక్కటే. దానితోనే తన తప్పు ఒప్పుకున్నాడు, తోటివాణ్ణి గద్దించాడు, యేసును వేడుకున్నాడు. మీ దగ్గర చేతులు కూడా ఉన్నాయి.

నేను అసలు చెప్పాలనుకున్నది ఇక్కడే ఉంది. విశ్వాసం బలపడ్డాక అని మీరు అన్నారు. లూకా సువార్త పదిహేడో అధ్యాయం తెరవండి. నీ సహోదరుడు రోజుకు ఏడుసార్లు తప్పు చేసి, ఏడుసార్లు వచ్చి మారుమనస్సు పొందానంటే క్షమించాలని యేసు ఆజ్ఞ ఇచ్చాడు. వెంటనే అపొస్తలులు, మా విశ్వాసం వృద్ధిపొందించుమని అడిగారు. భక్తిగా వినిపించే ప్రార్థనే అది, మీదీ అదే. ఆయన ఆ ప్రార్థనకు అవునని అనలేదు. ఆవగింజంత ఉన్నా చాలునన్నాడు. ఆ వెంటనే, పొలం నుండి వచ్చి కూడా యజమానికి వడ్డించవలసిన దాసుని మాట చెప్పి, చేయవలసినవన్నీ చేశాక "మేము చేయవలసినవే చేసియున్నాము" అనుకోండి అన్నాడు. అంటే మీకు కావలసినది ఎక్కువ విశ్వాసం కాదు, ఉన్న గింజంతతోనే చెప్పిన పని మొదలుపెట్టడమని అర్థం. అదే అధ్యాయంలో తరువాత పదిమంది కుష్ఠరోగులు దూరాన నిలిచి కేకలు వేశారు. మీ దేహాలను యాజకులకు చూపించుకోండి అన్నాడాయన. బాగుపడినవారు చూపించుకోవలసిన చోటికి బాగుపడకముందే పొమ్మన్నాడు. వారి చర్మం మీద అప్పటికి ఏ మార్పూ లేదు. "వారు వెళ్లుచుండగా" శుద్ధులయ్యారని లూకా రాశాడు. నాలుగేళ్లుగా మీరు చర్మం మారాక బయలుదేరుదామని కూర్చున్నారు.

ఇది నేను పుస్తకంలో చదివి మాత్రమే చెబుతున్న మాట కాదు. ఒకప్పుడు తోటి ఉద్యోగి ఒకరి మీద నలుగురిలో అన్యాయంగా మాట్లాడి, క్షమాపణ అడగడానికి తగిన మనసు ఇవ్వమని రెండేళ్లపాటు ప్రార్థించాను. ఆ మనసు రాలేదు. చివరికి మనసు లేకుండానే నాలుగు వాక్యాల ఉత్తరం రాసి, తపాలా పెట్టె ముందు నిలబడి, కవరు సగం లోపలికి వెళ్లాక కూడా వేళ్లు వదలలేకపోయాను. ఉత్తరానికి జవాబు రాలేదు. కానీ ఆ కవరు వేళ్ల నుండి జారిన క్షణం తరువాత "మా అపరాధములను క్షమించుము" అన్న మాటను నేను అంతకుముందు పలికినట్టు ఎప్పుడూ పలకలేదు.

చెప్పకపోతే విశ్వాసం అబద్ధమా అన్న మీ రెండో భయానికి నేను రెండు మాటలు చెప్పాలి, వాటిలో ఒకటి కఠినమైనది. మీ విశ్వాసం తడబడుతున్నంత మాత్రాన అది లేదని కాదు. విశ్వాసులకు తండ్రి అనిపించుకున్న అబ్రాహాము, భార్యను చెల్లెలని ఐగుప్తులో ఒకసారి, గెరారులో మరొకసారి చెప్పించినవాడే. మూర్ఛరోగి అయిన కొడుకు తండ్రి "నమ్ముచున్నాను, నాకు అపనమ్మకముండకుండ సహాయము చేయుము" అని ఏడ్చినప్పుడు యేసు అతని నమ్మకాన్ని తూచి చూడలేదు, పిల్లవాణ్ణి బాగుచేశాడు. అయితే మనసులో బాధ ఉన్నంత మాత్రాన లోబడినట్టు కూడా కాదు. హేరోదు రాజు బాప్తిస్మమిచ్చు యోహాను మాటలు సంతోషంగా వినేవాడు, విని కలవరపడేవాడు కూడా, అయినా చివరికి అతని తల తీయించాడు. గొప్ప ఆస్తి ఉన్న యువకుడు ఏమీ కాదనలేదు, దుఃఖపడుతూ వెళ్లిపోయాడంతే. మీ రాత్రి ప్రార్థనల్లోని బాధను పశ్చాత్తాపం అనుకొని దానితో సరిపెట్టుకునే ప్రమాదం ఉంది. మీ విశ్వాసం చనిపోయిందో బ్రతికి ఉన్నదో లోపల వెతికి తేల్చుకోవాలని చూడకండి, అలా వెతికినవారికి ఎప్పుడూ అనుమానమే మిగులుతుంది. ద్రాక్షతోటలో పనిచేయమన్న తండ్రికి, పోనని చెప్పి తరువాత మనసు మార్చుకొని వెళ్లిన కొడుకు గురించి యేసు చెప్పాడు. ఇష్టప్రకారం చేసినవాడు అతడే అని వింటున్నవారే ఒప్పుకున్నారు. పోను అన్న ఆ మొదటి మాట మీరూ అన్నారు. కానీ తోటకు దారి మూసి లేదు.

ఇక చేయవలసినది. బలిపీఠం దగ్గర కానుక పెట్టబోతూ, సహోదరునికి నీమీద విరోధమేమైనా ఉన్నదని గుర్తుకు వస్తే, కానుక అక్కడే విడిచి ముందు వెళ్లి సమాధానపడమని ప్రభువు చెప్పాడు. మీ తమ్ముడికి మీమీద విరోధం లేదు, ఎందుకంటే అతనికి తెలియదు. కానీ అతనికి తెలియకపోవడమే మీరు అతనికి చేసిన అన్యాయం, అందుకని ఆ మాట మీకు మరింతగా వర్తిస్తుందని నేను అనుకుంటున్నాను. లేవీయకాండం ఆరో అధ్యాయంలో కూడా ముందు సొమ్ము, దానిమీద అయిదో వంతు కలిపి, సొంతదారునికి ఇవ్వాలి. అపరాధపరిహారార్థబలి ఆ తరువాతే వస్తుంది. ఆ అయిదో వంతు మీకు ఈనాడు చట్టం కాదు. కానీ ఈ నాలుగేళ్లలో అతని సగం మీద వచ్చిన వడ్డీ మాత్రం నిస్సందేహంగా అతనిదే, అది కూడా లెక్క కట్టండి. అందులో కొంత ఖర్చయిపోయి ఉంటే ఆ మాట కూడా చెప్పి, ఎప్పటిలోగా తీరుస్తారో తేదీ వేసి కాగితం మీద రాసి ఇవ్వండి.

నాన్నగారిని రెండేళ్లు చూసుకున్నది మీరేనన్న మాట ఆ రోజు ఎత్తవద్దు. ఆ సేవ నిజం, దేవుడు చూశాడు. తమ్ముడు అందులో తన వంతు భరించి ఉండవలసిందని మీకు అనిపిస్తే ఇంకొక రోజు, ఇంకొక మాటగా అడగవచ్చు. రెండింటినీ కలిపితే మీ ఒప్పుకోలు బేరంగా మారిపోతుంది. ఫోనులో చెప్పవద్దు, ఎదురుగా కూర్చొని చెప్పండి. అతడు కోపగించవచ్చు, చాలా రోజులు మాట్లాడకపోవచ్చు. క్షమించమని అడగండి, క్షమించి తీరాలని మాత్రం పట్టుబట్టకండి.

ఒంటరిగా వెళ్లలేననిపిస్తే, ఇద్దరికీ నమ్మకమైన ఒక పెద్దను గానీ, మీ సంఘంలో నోరు జారని ఒక సోదరిని గానీ వెంట తీసుకెళ్లండి. మోషే చేతులే ఒంటరిగా నిలబడలేదు. ఎప్పుడు వస్తారో ఈ రాత్రే తమ్ముడికి చెప్పి పెట్టుకోండి, రేపటికల్లా మీరు కారణాలు వెతుక్కోకుండా ఉంటారు. వెళ్లేటప్పుడు నాన్నగారి పుస్తకంలోని ఆ పుట నకలు కాదు, పుస్తకమే తీసుకెళ్లి అతని చేతిలో పెట్టండి. ఆయన చేతిరాతలో ఉన్న ఆ మాటను అతడు ఇంతవరకు చూడలేదు.